గేమ్ మధ్యలో హ్యాంగ్: కార్డు పోయిందనుకునే ముందు డ్రైవర్ సంగతి చూడండి

మీరు చెప్పిన సమస్య ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 10. జీటీఏ ఫైవ్ మొదలుపెట్టిన కాసేపటికి బొమ్మ బిగుసుకుపోతోంది, సౌండ్ మాత్రం వస్తూనే ఉంది. తర్వాత స్క్రీన్ నల్లబడి డెస్క్‌టాప్ మీదికి వచ్చి పడుతోంది. డ్రైవర్, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, లేటెస్టే వేశారు. టౌన్‌లో షాపుకు తీసుకెళ్తే కార్డు పోయింది, కొత్తది వేసుకోండి అన్నారు.

నాదీ అనంతపురమే, నా సిస్టమ్‌లోనూ ఇదే కార్డు, సరిగ్గా ఇదే తంతు పడ్డాను. ఇప్పుడే డబ్బులు తీయకండి. సౌండ్ ఆగలేదు, డెస్క్‌టాప్ తిరిగి వచ్చింది అంటే సిస్టమ్ బతికే ఉందన్నమాట. చిక్కు వచ్చింది కార్డుకూ విండోస్‌కూ మధ్యలో. కార్డుకు ఒక పని అప్పజెప్పాక రెండు సెకన్లలో బదులు రాకపోతే, డ్రైవర్ పడిపోయిందని విండోస్ అనుకుని దాన్ని తానే మళ్లీ లేపుతుంది. విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటే ఇది, పేరు టీడీఆర్. డ్రైవర్ లేస్తుంది గానీ, ఆ కుదుపుకు గేమ్ తట్టుకోలేక మూసుకుపోతుంది. మీకు కనిపించే నల్ల స్క్రీన్ ఆ మధ్య క్షణమే.

దీన్ని ఊహతో వదిలేయకుండా రుజువు చూసుకోండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కి, గేమ్ ఆగిన టైముకు దగ్గరగా ఉన్న వరుసలు చూడండి. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అనే నోరు తిరగని పేరుతో, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుంది అనే అర్థంలో ఒక వార్నింగ్ ఉంటుంది, ఈవెంట్ ఐడీ 4101. ఆ పేరు మీ కార్డు చిప్పు చేసిన కంపెనీ ఎన్‌విడియా డ్రైవర్ ఫైలుదే. అది కనిపిస్తే మనం వెతకాల్సిన దారి ఖాయమైనట్టే.

ఈసారి బొమ్మ ఆగినప్పుడు ఇంకో పని చేయండి. కీబోర్డులో నమ్‌లాక్ నొక్కి లైటు ఆరి వెలుగుతోందా చూడండి. వెలుగుతోందంటే విండోస్ పని చేస్తోంది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే చిన్న బీప్ వచ్చి స్క్రీన్ ఒకసారి మిణుకుమంటుంది, డ్రైవర్ రీసెట్ అవుతుంది. ఒక్కోసారి గేమ్ కూడా దక్కుతుంది. లైటు కదలకుండా, స్పీకర్‌లో ఒకే ముక్క గిర్రున తిరుగుతూ ఉంటే కథ వేరు. అప్పుడు ర్యామ్, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) వైపు చూడాలి.

ఇక నా దగ్గర జరిగింది. బాగా ఆడుతున్న గేమ్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవడం మొదలైంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డుకు అక్కడి పేరు) మీద నొక్కితే కింద డ్రైవర్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. నేను వేసిన వెర్షన్ అక్కడ లేదు, ఇంకేదో ఉంది. విండోస్ అప్‌డేట్ నాకు చెప్పకుండానే తన దగ్గరున్న డ్రైవర్ తెచ్చి పైన వేసేసింది. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే పాతది వచ్చింది గానీ, హ్యాంగ్ తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు. పాత సున్నం గీకకుండా మీద రంగు కొడుతూ పోతే గోడ పొరలు పొరలుగా లేచినట్టే ఇదీ. పాతవన్నీ తుడిచేశాకే దారికొచ్చింది.

తుడవడానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందరూ డీడీయూ అంటారు. తొందరపడకుండా వరస ప్రకారం చేయండి. ముందు మీ కార్డుకు తగిన డ్రైవర్ ఎన్‌విడియా సైటు నుంచి దించి పెట్టుకోండి. తర్వాత నెట్ కేబుల్ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. నెట్ ఉంటే మీరు తుడిచి రీస్టార్ట్ అయ్యేలోపే విండోస్ మళ్లీ తన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, కష్టమంతా మొదటికొస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్‌లోంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కు పోయి సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ కనీస హంగులతో లేచే పద్ధతిలోకి రండి. డీడీయూలో జీపీయూ, ఎన్‌విడియా ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కండి. లేచాక స్క్రీన్ మీద అక్షరాలు బండగా కనిపిస్తాయి, కంగారు పడకండి. దించిపెట్టిన డ్రైవర్ వేసి, ఇంకోసారి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే నెట్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో చేసేవాళ్లు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి, సేఫ్ మోడ్‌లోకి పోయేటప్పుడు అది అడిగే అవకాశం ఉంది.

డ్రైవర్ లేటెస్టే అన్నారు కదా, నా మటుకు నాకు అనుమానం ఆ మాట దగ్గరే. కొత్తగా వచ్చే డ్రైవర్లు ముఖ్యంగా కొత్త కార్డుల కోసం, కొత్త గేమ్‌ల కోసం వస్తాయి. మీ కార్డు 2016 నాటి ఎన్‌విడియా చిప్పుల తరం పాస్కల్‌ది. ఆ తరానికి గేమ్ రెడీ డ్రైవర్లు, అంటే గేమ్‌ల కోసం ఎప్పటికప్పుడు ఇచ్చేవి, 2025 అక్టోబరుతో ఆపేస్తామనీ, 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తామనీ ఎన్‌విడియా ప్రకటించింది. ఈ కార్డులకు వచ్చే డ్రైవర్లలో ఆఖరి వరస 580 నంబరుది. కాబట్టి సైటులో కార్డు పేరు సరిగ్గా ఎంచుకుని, వాళ్లు చూపించిన జాబితాలోంచే తీసుకోండి. 580 వరసలో ఒకటి కుదరకపోతే అంతకు ముందుది వేసి చూడండి. హ్యాంగ్ లేకుండా సాఫీగా నడిచిన వెర్షన్ దొరికాక దాని ఫైలు పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, మళ్లీ కదిలించకండి.

రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టీ) టీడీఆర్ గడువు రెండు సెకన్ల నుంచి ఎనిమిదికో పదికో పెంచమని నెట్‌లో చాలామంది చెప్తారు. నేను చెప్పను. రోగం అలాగే ఉంటుంది, బొమ్మ ఇంకాసేపు ఎక్కువ బిగుసుకుని ఉంటుంది, అంతే.

శుభ్రంగా డ్రైవర్ వేశాక కూడా అదే తంతు అయితే అప్పుడు వేడి, కరెంటు చూడాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పైగా ఈ గాలికి వచ్చే సన్నటి ఎర్రదుమ్ము కార్డు ఫిన్నుల మధ్య దట్టంగా పట్టేస్తుంది. టాస్క్ మేనేజర్‌లోనే జీపీయూ పేరు కింద టెంపరేచర్ కనిపిస్తుంది. ఇంత చిన్న కార్డు గేమ్‌లో 85 డిగ్రీలు దాటుతోందంటే దుమ్ము దులపాల్సిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది. టైర్ల షాపు కంప్రెసర్ గాలి మాత్రం వద్దు, అందులో తేమ వస్తుంది.

కరెంటు విషయంలో, ఈ కార్డు 75 వాట్లది, చాలా మోడళ్లు మదర్‌బోర్డు స్లాటు నుంచే పవర్ తీసుకుంటాయి. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్ అయితే, తెలిసినవాళ్ల దగ్గర మంచిది అడిగి తెచ్చి ఒక సాయంత్రం పెట్టి చూడండి.

చివరగా, సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి చెప్పక తప్పదు. మా పిన్ని కొడుకు ఎవరి దగ్గరో చవగ్గా వస్తోందని 1050 టీఐ కొన్నాడు. కంపెనీ డ్రైవర్ వేస్తే చాలు, హ్యాంగే. వెనక్కి తిప్పి చూస్తే పాత మానిటర్లకు వాడే నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. పాస్కల్ చిప్పులకు వీజీఏ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి చూస్తే పేరు ముందు ఫేక్ అని పడింది. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి కార్డుల బయాస్ (కార్డు లోపలే ఉండే చిన్న ప్రోగ్రామ్) మార్చి, కొత్త పేరు పెట్టి అమ్మే బాపతు అది. అసలైన 1050 టీఐలో 768 షేడర్లు (బొమ్మ లెక్కలు కట్టే చిన్న యూనిట్లు) ఉంటాయి, ఆ పాతవాటిలో 192. అలాంటి కార్డుకు ఎన్ని డ్రైవర్లు మార్చినా దండగే. కాబట్టి డీడీయూ జోలికి పోకముందే ఈ ఒక్కటీ చూసుకోండి, రెండు నిమిషాల పని.

కొత్తగానో పాతగానో మళ్లీ కార్డు కొనాల్సే వస్తే, కంప్యూటర్ సామాను దొరికే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయినా ఇక్కడే కొన్నా, షాపులోనే సిస్టమ్‌కు పెట్టించి జీపీయూ-జెడ్ తెరిచి చూపించమనండి. కుదరదంటే పక్క షాపుకు పోండి.