గ్యాస్ట్రో తీసుకుంటే మా అమ్మాయి ఎప్పటికి సెటిలవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ జనరల్ మెడిసిన్ రెండో ఏడాది. మా అమ్మకు పేగులో రక్తం కారుతుంటే ఆపరేషన్ లేకుండా ఎండోస్కోపీతోనే కాల్చి ఆపారు. అప్పటి నుంచి గ్యాస్ట్రోనే (పేగులు, లివరు వైద్యం) చేస్తానంటోంది. బంధువులేమో కార్డియాలజీ అంటున్నారు. మళ్లీ మూడేళ్ల చదువు, రాత్రిళ్లు ఎమర్జెన్సీలు, పెళ్లెప్పుడో తెలియదు. రెండింట్లో ఏది మేలు?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: కోపం తెచ్చుకోకండి, మీ అసలు బెంగ గ్యాస్ట్రో గురించి కాదు, పెళ్లి గురించి. ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు, డీఎం, ఏదైనా మూడేళ్లే, రాయాల్సిన ప్రవేశ పరీక్షా అదే నీట్ ఎస్ఎస్. ఇక రాత్రి ఫోన్లంటారా, హార్ట్ ఎటాక్ తెల్లారేదాకా ఆగుతుందా? కొడుకైతే ఈ ప్రశ్న ఇలాగే అడిగేవారా అని ఒక్కసారి ఆలోచించండి.

నాకు అనుమానం ఇంకోచోట ఉంది. మీ అమ్మగారికి చేసింది ఆర్గాన్ ప్లాస్మా అనే చికిత్స అయి ఉండొచ్చు. పెద్ద వయసులో పేగు గోడలో సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఎర్రటి మచ్చల్లా కనిపిస్తాయి, యాంజియోడిస్‌ప్లేసియా అంటారు. స్కోపులోంచి సన్నని గొట్టం దింపి, గోడకు తగలనివ్వకుండా ఆర్గాన్ గ్యాస్ వదిలి దాని గుండా కరెంటు పంపితే ఆ మచ్చ తెల్లబడి మాడిపోతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ పెద్దపేగు మొదట్లో, సీకం దగ్గర గోడ బాగా పల్చన. అక్కడ పవర్ తగ్గించి క్షణం క్షణం ఆగుతూ కాల్చాలి, చెయ్యి జారితే చిల్లే. పేగు సరిగ్గా శుభ్రం కాకపోతే లోపలి గ్యాస్ అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇంతా చేశాక చాలామందికి కొన్నాళ్లకు ఇంకో మచ్చ నుంచి మళ్లీ కారుతుంది. అప్పుడు ఐరన్, రక్తం ఎక్కించడం, పేషెంటు మింగిన కెమెరా క్యాప్సూల్ తీసిన వీడియో ముందు కూర్చుని చిన్నపేగంతా వెతకడం. కొందరికైతే మూలం గుండెలోనే, గుండె నుంచి రక్తం ఒంట్లోకి వెళ్లే దారిలో బిగుసుకుపోయిన అయోర్టిక్ వాల్వులో ఉంటుంది, ఆ వాల్వు మార్చాక రక్తస్రావం తగ్గిన కేసులు చాలానే ఉన్నాయి (మీ బంధువులకు చెప్పండి, సంతోషిస్తారు). ఈ ఓపిక పని అమ్మాయికి నచ్చిందా, లేక ఆ మెరుపు ఒక్కటే నచ్చిందా?

ఎందుకడుగుతున్నానంటే ఇప్పుడు పిల్లలందరి నోటా 'అడ్వాన్స్‌డ్ ఎండోస్కోపీ ఫెలోషిప్' మాటే, అంటే డీఎం తర్వాత పెద్ద ఎండోస్కోపీ పనుల్లో అదనపు శిక్షణ. హైదరాబాద్‌లో పేరున్న గ్యాస్ట్రో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారిని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, 2025లో పద్మవిభూషణ్ వచ్చింది, ఆయన ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలులోనే. కాదనను. కానీ ఆ మెషీన్లు, ఆ టీము, అంత కేసుల రద్దీ ఎన్ని ఊళ్లలో ఉన్నాయి? మామూలు టౌనులో వచ్చేది కామెర్లు, తాగుడు వల్ల పాడైన లివరు, లోపల రక్తం కారి వచ్చే నల్ల విరేచనం. రక్తం ఆపడం చేతికి బాగా రాకముందే ఫెలోషిప్ వెంట పరిగెత్తడం నాకు నచ్చదు.

మీ అమ్మాయికి తిండికి లోటుండదు, ఆ భయం వదిలేయండి. వాళ్ల కాలేజీలో అడిగి కొన్ని రాత్రులు గ్యాస్ట్రో డ్యూటీలో ఉండమనండి, రక్తం కక్కుకుంటూ వచ్చిన పేషెంటును చూడమనండి. ఆ తర్వాత కూడా గ్యాస్ట్రోనే అంటే, మీరూ బంధువులూ ఇక ఆ విషయం ఎత్తకండి.