అల్బేనియా ఆలివ్ నూనె: న్యాయమైన ధర అంటే ఏమిటి?

ప్రశ్న: మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాము. మా వీధిలో అల్బేనియా నుంచి వచ్చిన ఒక కుటుంబం తమ ప్రాంతపు ఆలివ్ నూనెను దిగుమతి చేసుకుని అమ్ముతోంది. రైతుకు న్యాయమైన ధర చెల్లిస్తున్నామని, ఇది సంప్రదాయ పద్ధతిలో తీసిన నూనె అని వారు చెబుతున్నారు. సూపర్‌మార్కెట్ నూనె కంటే ధర ఎక్కువే. రుచి చూస్తే చేదుగా ఉండి గొంతు మండింది. వారి మాట నమ్మవచ్చునా? ఐదు లీటర్ల డబ్బా కొనవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా గొంతు మంట గురించి. అది నూనె పాడైనందువల్ల వచ్చినది కాదు. తాజా ఆలివ్ నూనెలో ఉండే ఓలియోకాంథాల్ అనే పదార్థం గొంతు వెనుక భాగంలో ఆ ఘాటును కలిగిస్తుంది. రుచి పరీక్షలో కాయ వాసన, చేదు, ఘాటు మూడింటినీ మంచి గుణాలుగానే లెక్కిస్తారు. పాతబడిన నూనె మండదు, మక్కిన వాసన వేస్తుంది.

ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవాలంటే అక్కడి తోటల పరిస్థితి కొంత తెలియాలి. కమ్యూనిస్టు పాలన ముగిశాక, 1991 భూమి చట్టంతో సహకార క్షేత్రాలను రద్దు చేసి భూమిని కుటుంబాలకు పంచారు. అందువల్ల వ్లోరా, బెరాత్, ఫియెర్ ప్రాంతాల కొండవాలుల్లో ఎక్కువమంది చిన్న రైతులే. చెట్ల కింద వలలు పరచి, చేత్తోనో దువ్వెన వంటి పనిముట్టుతోనో కాయ రాలుస్తారు. లీటరు నూనెకు సుమారు ఐదారు కిలోల కాయలు కావాలి. మీకు తగిలిన ఆ చేదు, ఘాటు నిండుగా ఉండాలని అక్టోబరులోనే పచ్చికాయ కోస్తే అంతకంటే ఎక్కువే పడతాయి. పైగా ఆలివ్ చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అంతంతమాత్రంగా కాస్తుంది కనుక, కాపు తగ్గిన ఏడు ధర పెరగడంలో అన్యాయమేమీ లేదు. ఊళ్లలోని యువకులు ఇటలీకో, గ్రీసుకో, జర్మనీకో వలస వెళ్లడంతో కోతకు మనుషులు దొరకడమూ కష్టమైంది.

కాబట్టి రైతుకు ఎంత ఇచ్చారన్నదే కాదు, ఎప్పుడు ఇచ్చారన్నది కూడా వారిని అడగండి. కోత కూలి, మిల్లు ఖర్చు రైతు అప్పటికప్పుడే భరించాలి. నూనె అమ్ముడుపోయాక ఆరు నెలలకు అందే సొమ్ము, కాగితం మీద ఎంత పెద్దదైనా, అతని అవసరానికి అక్కరకు రాదు. ఏ ఊరి కాయ, ఏ మిల్లు, ఏ నెల కోత అన్నవాటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఆ ఎక్కువ ధర చెల్లించడం సబబేనని నా అభిప్రాయం. సీసా మీద మూలదేశం పేరు వేయడం యూరోపియన్ యూనియన్‌లో తప్పనిసరి. కోత సంవత్సరం వేయడం తప్పనిసరి కాదు. అయినా వేసేవారిని నమ్మవచ్చు.

సంప్రదాయమన్న మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోండి. మన గానుగ నూనెపై ఉన్న ప్రేమతో పాత రాతి మిల్లే మేలనుకుంటాము. కానీ ఆలివ్ ముద్దను నింపి ఒత్తే నార చాపలలో పాత ముద్ద మిగిలి పులిస్తే ఆ వాసన కొత్త నూనెకు పడుతుంది. కోసిన కాయను ఆలస్యం చేయకుండా శుభ్రమైన ఆధునిక మిల్లులో, 27 డిగ్రీలు దాటకుండా ఆడించిన నూనెకే నాణ్యత ఎక్కువ. వ్లోరా వారి కలిన్యోత్ వంటి స్థానిక రకాలను, తరాల నాటి చెట్లను కాపాడుకోవడమే అక్కడి అసలైన సంప్రదాయం. ఆలివ్ నూనెలో అత్యుత్తమ తరగతి అయిన ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతానికి మించకూడదు, రుచిలో లోపం ఉండకూడదు. ప్రయోగశాల పత్రం ఉంటే చూపించమనడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఐదు లీటర్లు ఎక్కువ. గాలి తగిలిన నూనె త్వరగా పాడవుతుంది కనుక అర లీటరు ముదురు రంగు సీసాలు కొనండి. పొయ్యి పక్కన ఉంచకండి. పోపుకు పనికొస్తుంది గానీ ఆ సువాసన వేడికి పోతుంది. వేడి పప్పన్నంలో పచ్చిగానే కలుపుకుంటే మీరు చెల్లించిన ధర నాలుకకు తెలుస్తుంది.