పెరటి ప్రశ్నలు: సింబిడియం మన దగ్గర పూస్తుందా?

డార్జిలింగ్‌లో పూలతో ఉన్న పెద్ద సింబిడియం ఆర్కిడ్ కొన్నాం. రెండేళ్లుగా ఆకులు ఏపుగా వస్తున్నాయి గానీ ఒక్క పూలగెల వేయలేదు. ఆకుల కొనలు నల్లబడుతున్నాయి. ఏ ఎరువు వేయాలి?
– పాఠకురాలు, నెల్లూరు

ఎరువుతో తీరేది కాదండీ. దానికి కావలసింది రాత్రి చలి. పెద్ద పూల సింబిడియం రకాలు హిమాలయాల చల్లని కొండవాలు జాతుల నుంచి వచ్చాయి. వరసగా కొన్ని వారాలు రాత్రిపూట 10–15 డిగ్రీలకు దిగి, పగటికి అంతకంటే పది డిగ్రీలు పెరిగితేనే గెల పుడుతుంది. నెల్లూరులో జనవరి రాత్రులు కూడా 20 దగ్గరే ఆగిపోతాయి. కుండీలో ఐసు ముక్కలు వేయమనేవాళ్లుంటారు. చల్లబడాల్సింది మొక్క చుట్టూ ఉన్న గాలి. ఐసుతో వేర్లు దెబ్బతింటాయి, అంతే. ఏసీ గదిలో వెలుతురు చాలదు, గాలి పొడిబారుతుంది. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో అయినవాళ్లుంటే ఇచ్చేయండి, లేదా ఆకుల అందంతో సరిపెట్టుకోండి.

కొనలు నల్లబడటానికి ఎక్కువగా నీళ్లలోని ఉప్పే కారణం. బోరునీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 300 దాటితే మానేసి వాననీళ్లో, ఆర్వో నీళ్లో పోయండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాము, వారానికోసారి చాలు. నెలకోసారి ఉత్త నీళ్లు అడుగునుంచి ధారగా కారేదాకా పోసి కుండీని కడగాలి.

కొబ్బరిపొట్టులో నాటిన ఆర్కిడ్ దుంపలు (ఆకుల మొదట్లో ఉబ్బిన కాండాలు) మెత్తబడుతున్నాయి.
– పాఠకుడు, కావలి

పొట్టు నీళ్లు పట్టి ఉంచుతుంది, వేర్లకు గాలి ఆడదు. మొక్కను బయటకు తీసి, మంటలో కాల్చి చల్లార్చిన కత్తితో మెత్తబడ్డ దుంపల్ని, గోధుమరంగు డొల్ల వేర్లని కోసేయండి. గట్టిగా, తెల్లగా ఉన్న వేరు బతికున్నట్టే. విడదీస్తే ఒక్కో ముక్కకు కనీసం మూడు దుంపలుండాలి; ఒక్కటే దుంప నాటితే పూతకు ఏళ్లు పడుతుంది. నాలుగు పాళ్లు బొటనవేలంత కొబ్బరిడొక్క ముక్కలు, ఒక పాలు కట్టెబొగ్గు కలపండి. డొక్కలోనూ ఉప్పుంటుంది కాబట్టి ముందు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. కుండీ పెద్దది వద్దు, దుంపలకీ అంచుకీ రెండు మూడు వేళ్ల ఎడం చాలు. కోతలు ఆరడానికి వారం దాకా నీళ్లు పోయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకి కప్పు కింద పెట్టండి. కొత్త మొలకల మధ్య నీళ్లు నిలిస్తే అవే ముందు కుళ్లుతాయి.

మరి మన ఎండలకు ఏ ఆర్కిడ్ నయం?
– పాఠకురాలు, ఒంగోలు

సింబిడియమే కావాలంటే అందులో అలోయిఫోలియం అనే జాతి. మందపాటి పట్టీల్లాంటి ఆకులు, కిందికి వేలాడే గెలలు, మెరూన్ చారల చిన్న పూలు. వేలాడే బుట్టలో పెంచాలి. పెద్ద పూలే ముఖ్యమనుకుంటే వాండా అనే మరో ఆర్కిడ్. రెంటికీ 50 శాతం షేడ్‌నెట్ వేయండి. పడమటి గాలి వీచే రోజుల్లో ఆకుల అడుగున వెండిరంగు మచ్చలు కనబడితే ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) వచ్చినట్టు. పొద్దున్నే ఆకుల అడుగుకి నీళ్లు గట్టిగా చిమ్మండి. గంధకం పొడి మాత్రం ఎండాకాలంలో కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి.