అరకు దిగేటప్పుడు బండి ఊగితే

చిన్నీ,

నువ్వే కారు నడుపుకుంటూ మీ అత్తగారినీ పిల్లల్నీ అరకు తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంగానే చెప్పి చివర్లో మెల్లగా కలిపింది: "బ్రేకు తొక్కితే స్టీరింగ్ కాస్త ఊగుతోందట బావగారూ, ఏం పర్లేదంటలెండి." ఆ పర్లేదన్నది ఎవరమ్మా? మన ఇంటి ఆడపిల్ల ఘాట్ రోడ్డెక్కుతోందని మీ పెద్దమ్మ వీధంతా చెప్పుకుంటోంది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆటోనగర్ షెడ్డులో ఇన్నేళ్లు చక్రాలు విప్పినవాణ్ణి, ఆ మాట విన్నాక నిద్రెలా పడుతుంది?

టైర్లలో గాలి, స్టెప్నీ, వైపర్లు, ఫాగ్ లైట్లు చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

ముందు ఊపు ఎక్కడిదో కనిపెట్టు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 80లో వెళ్తూ, వెనక ఎవరూ లేరని చూసుకుని, 40 దాకా నిదానంగా బ్రేకు తొక్కు. స్టీరింగ్ చేతుల్లో ఊగితే చాలావరకు ముందు డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేలు. వాటిని రెండు వైపులా ప్యాడ్లు కరిచిపడితేనే బండి ఆగేది. సీటు కింద అదిరితే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు. బ్రేకు ముట్టుకోకపోయినా ఊగుతోందంటే అది బ్రేకుల గొడవే కాదు, వీల్ బ్యాలెన్సింగో టైరో చూపించు. సడన్‌గా తొక్కినప్పుడు పెడల్ గరగరమని కాలిని తంతే అది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, పని చేయడం. భయపడి కాలు తియ్యకు. ఇక అలైన్‌మెంట్ చేయిస్తే పోతుందని ఎవరైనా అంటే విని ఊరుకో. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. బ్రేకు తొక్కినప్పుడే వచ్చే ఊపుకి దానితో సంబంధం లేదు.

ఈ సంగతి తెలియకే మీ నాన్న బోలెడు డబ్బు తగలేశాడు. ఒకసారి శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతున్నారు. నువ్వప్పుడు వెనక సీట్లో మీ అమ్మ ఒళ్లో పడుకుని ఉన్నావు. పల్లంలో న్యూట్రల్ చేస్తే పెట్రోలు కలిసొస్తుందని వాడికి ఎవరో నూరిపోశారు. ఇంజను పట్టు లేకుండా, మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు ఆనించే దిగాడు. కాసేపటికి మాడు వాసన, ముందు ఎడమ చక్రం నుంచి పొగ. పక్కకు తీసి ఆపాడు. ఆపినవాడు హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా పట్టడం లేదని పెడల్ తొక్కిపట్టి అలాగే కూర్చున్నాడు. తర్వాత ఎవరో సలహా ఇస్తే బాటిల్ నీళ్లు తీసుకెళ్లి ఆ చక్రం మీద గుమ్మరించాడు. సుయ్యిమందట. అది కూడా గొప్పగానే చెప్పాడు నాతో!

గుంటూరు వచ్చాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఊగడం మొదలైంది. అక్కడ ఎవరి దగ్గరో అలైన్‌మెంట్ అన్నారు, చేయించాడు. బ్యాలెన్సింగ్ అన్నారు, అదీ అయింది. ఆఖరికి కొత్త టైర్లు రెండు వేయించాడు. ఊపు ఊపే. అప్పుడు తెచ్చాడు నా దగ్గరికి.

చక్రం విప్పి చూస్తే ఎడమ డిస్కు మీద అక్కడక్కడా నీలం మచ్చలు. ఒకచోట మాత్రం సరిగ్గా ప్యాడ్ ఎంత ఉంటుందో అంత ముద్ర, అంచులతో సహా. కాలుతున్న డిస్కుని ప్యాడ్లతో కరిచిపట్టి కూర్చున్నాడు కదా, ప్యాడ్ మెటీరియల్ అక్కడ అంటుకుపోయింది. అందరూ డిస్కు వంగిందంటారు గానీ చాలాసార్లు జరిగేది ఇదే. పెనం మీద ఒకచోట మాడితే ఆ తర్వాత ప్రతి దోశా అక్కడే అంటుకున్నట్టు, ఆ మచ్చ దగ్గర ప్యాడ్ మళ్లీ మళ్లీ పట్టి వేడెక్కిస్తుంది, మచ్చ పెరుగుతుంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే మందంలో తేడా మిల్లీమీటరులో వందో వంతులు రెండో మూడో. వెంట్రుక కంటే సన్నం. ఆ కాస్త తేడాకే 80లో స్టీరింగ్ చేతిలో నిలవదు. నీళ్లు పడ్డ చోట గీతల్లాంటి సన్న పగుళ్లు కూడా ఉన్నాయి.

ఎడమదే ఎందుకు పొగలు కక్కిందంటే, కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకి నొక్కే పట్టు, అది జరిగే పిన్ను తుప్పుపట్టి జామ్ అయింది. కాలు తీసినా ఆ ప్యాడ్ వదలడం లేదు. అది చూడకుండా డిస్కులు మాత్రం మార్చి ఉంటే కొన్నాళ్లకు కథ మొదటికొచ్చేది. మీ నాన్న ఇప్పటికీ తప్పు టైర్లదే అంటాడు. అనుకోనీ.

నీ బండికీ అదే వరసలో చూడాలి. పిన్‌లు చేత్తో జరుగుతున్నాయా, ప్యాడ్లు లోపలిదీ బయటిదీ ఒకేలా అరిగాయా, డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు ఉందా. డిస్కుకి హబ్‌కి మధ్య చిన్న తుప్పు పొలుసు ఉన్నా అది పక్కకి ఊగుతుంది. కనీస మందం ఎంతుండాలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. లేత్ పట్టించి డిస్కు పైపొర గీకించాక కూడా అంతకంటే ఎక్కువ మిగిలేలా ఉంటేనే లేత్. లేదంటే రెండు వైపులా కొత్తవి, వాటితోపాటు ప్యాడ్లూ కొత్తవే. చక్రం నట్లు గాలి గన్‌తో ధనధనా బిగించనివ్వకు. ఎదురెదురువి ఒకటొకటిగా, ఎంత బిగువు కావాలో అంతే చూపించే టార్క్ రెంచ్‌తో బిగించాలి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్చెయ్. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుంటూ పోతే అది 155కి పడిపోవచ్చు. ఘాట్‌లో ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. ఊపు కంటే నాకు భయం దానికే.

కొత్తవి వేశాక 60 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తొక్కి వదులు. తర్వాత కొంతదూరం బ్రేకు వాడకుండా పోనిచ్చి చల్లారనివ్వు.

ఇక అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో, బండి పరుగెత్తకుండా పట్టి ఉంచేది ఏదైతే అది. మలుపు ముందే వేసుకో. బ్రేకు గట్టిగా తొక్కు, స్పీడు తగ్గగానే పూర్తిగా వదిలెయ్, ఆనించి ఉంచకు. ఇప్పటి బండ్లు గేరులో దిగుతుంటే ఇంజనుకి పెట్రోలే ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది, మీ నాన్నకి చెప్పు. ఇంజను ఆపి మాత్రం చచ్చినా దిగకు. కాసేపట్లో మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకి అందించే బూస్టర్ సాయం పోతుంది, స్టీరింగ్ బండబారిపోతుంది. వాసన వస్తే చదునుగా ఉన్నచోట ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టి, పెడల్ మీద కాలు తీసెయ్. అరగంట పైనే ఆగు. నీళ్లు తాగడానికి, పొయ్యడానికి కాదు.

నీళ్లంటే గుర్తొచ్చింది. పిల్లల బాటిళ్లు వెనక కింద పడేయనివ్వకు తల్లీ. పల్లంలో దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కుంటే ఎంత మంచి బ్రేకైనా దిగదు. నేను ఈ మాట అంటే అందరూ నవ్వుతారు. నవ్వినా సరే, బాటిళ్లు డోరు జేబులోనే ఉండాలి.

ఆదివారం బండి తీసుకుని విజయవాడ వచ్చెయ్. వారధి మీద ట్రాఫిక్ పెరగకముందే బయల్దేరు. దార్లో వాటర్ సర్వీసింగ్ చేయించకు, డిస్కు మీద మచ్చలు నేను ఉన్నవున్నట్టు చూడాలి. షెడ్డు పిల్లల చేతికి ఇవ్వను, చక్రం నువ్వే విప్పుతావు, నేను స్టూలేసుకుని పక్కన కూర్చుంటా. పాత చుడీదార్ వేసుకుని రా.

మీ పెదనాన్న