సంగీత సందేహాలు: ఏడుగురు పిల్లలకు ఒకే శృతా?

ప్రశ్న: సంగీతంలో డిప్లొమా పూర్తిచేసి ఈ ఏడాదే ఇంట్లో క్లాసులు మొదలుపెట్టాను. ఏడుగురు పిల్లలు, 7 నుంచి 10 ఏళ్ల వాళ్లు. నాది ఐదున్నర శృతి (పాటకు ఆధారంగా పెట్టుకునే స ఎత్తు), అందరి చేతా అందులోనే పాడిస్తున్నాను. ఇద్దరికి శృతి అసలు కలవదు. ఒక బాబు పై షడ్జం (పై స) రాగానే అరుస్తాడు. సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మొదలుపెట్టి రెండు నెలలైంది, ఎవరికీ గాంధారం (గ) నిలవడం లేదు.
– ఓ కొత్త టీచర్, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఐదున్నర మీ గొంతుకు కుదిరిన శృతి. అది ఏడుగురికీ కుదరాలని లేదమ్మా. ఒక్కో బిడ్డను విడిగా కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చూడండి. ఐదుతో మొదలుపెట్టి అర శృతి చొప్పున పెంచుతూ, స నుంచి పై స దాకా "ఆ" అంటూ పాడించండి. గడ్డం పైకి లేచినా, మెడ నరాలు బిగిసినా ఆ శృతి ఎక్కువైనట్టు. కింది నిషాదం దగ్గర గాలి తప్ప నాదం రాకపోతే తక్కువైనట్టు. పై రిషభం దాకా హాయిగా వెళ్లొచ్చే చోటు దొరికితే చాలు. మంద్ర పంచమానికి (కింది ప) ఇప్పుడే తొందర లేదు, సరళీ వరుసలకు దాని అవసరమూ లేదు. ఇలా చూశాక శృతిని బట్టి రెండు జట్లు చేసుకోండి.

అరిచే బాబుకు శృతి తగ్గించే ముందు గొంతు తగ్గించి పాడమనండి. పక్క గదిలో పాపాయి నిద్రపోతోంది అనుకోమంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. బలం తగ్గగానే చాలామందికి పై షడ్జం దానంతట అదే అందుతుంది.

శృతి కలవని ఇద్దరినీ "మళ్లీ పాడు, మళ్లీ పాడు" అనకండి. వాళ్లు ఎక్కడ "ఆ" అంటే మీరే వెళ్లి అక్కడ కలవండి. రెండు గొంతులూ ఒకటైనప్పుడు ఎలా ఉంటుందో ఆ చెవికి ఇంతవరకూ తెలియదు, ముందు అది తెలియాలి. అక్కడి నుంచి అంబులెన్స్ కూతలా ఇద్దరూ కలిసి జారుతూ షడ్జానికి రండి. క్లాసుకు మూడు నాలుగు నిమిషాలు చేస్తే చాలు. "నువ్వు పెదవులు మాత్రం కదుపు" అని మాత్రం ఏ బిడ్డతోనూ అనవద్దు. ఆ మాట పడ్డ పిల్లలు పెద్దయ్యాక కూడా నోరు విప్పరు.

ఇక గాంధారం. సరళీ వరుసలు పాడే రాగం మాయామాళవగౌళలో మెట్లు సమానంగా ఉండవు. హార్మోనియం మీద చూడండి: స పక్క మెట్టే రి, అక్కడి నుంచి మూడో మెట్టు గ, దాని పక్కదే మ. పిల్లలు ఇంటి మెట్లు ఎక్కినట్టు సమానంగా ఎక్కుతారు. అందుకే రి పెరుగుతుంది, గ తగ్గుతుంది. రి మీద నుంచి గ పట్టించకుండా పైనుంచి దింపండి: స, ప, మ, గ. గ మీద నాలుగు అక్షరాలు (తాళం లెక్కలు) నిలపండి. తరువాత స గ స. రిషభాన్ని చివర్న, గ రి స అంటూ దిగేటప్పుడు కలపండి. స రి గ మ కుదిరితే ప ద ని స కూడా వచ్చినట్టే, రెండింటి నడకా ఒకటే. ఒకరు మొదటి సగం, ఇంకొకరు రెండో సగం పాడితే ఆ పోలిక వాళ్లకే వినపడుతుంది.

మరో మాట. తంబురాలో మంద్ర షడ్జం తీగ మోగినప్పుడు అంతర గాంధారం, అంటే ఈ రాగంలోని గ, స్వయంగా పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌లో కింది నాదం సరిగా రాదు. తంబురా యాప్ వాడుతుంటే పెద్ద స్పీకర్‌కు కలపండి.

ప్రశ్న: రెండో కాలం (అదే తాళంలో స్వరాలు రెట్టింపు వేగం) పాడమంటే పిల్లలు తాళమే వేగంగా వేసేస్తున్నారు. ఏం చేయాలి?
– తిరుచానూరు నుంచి ఒకరు

జవాబు: పాట ఆపి చేతిని స్థిరపరచండి. నిమిషానికి 60 దెబ్బలు పెట్టి, ఆది తాళం వేస్తూ దెబ్బకు ఒక "త", తరువాత "తక", ఆపైన "తకధిమి" అనిపించండి. చెయ్యి మారకుండా మూడూ వచ్చాకే స్వరాలు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, ఆపైన రెండు ద్రుతాలు (ఒక దెబ్బ, ఒకసారి చెయ్యి తిప్పడం). చాలామంది ద్రుతంలో చెయ్యి తిప్పేటప్పుడు తొందరపడతారు, అక్కడ కన్నేసి ఉంచండి. మొదటి కాలంలో ఎనిమిది అక్షరాలకు ఊపిరి చాలకపోతే మ తరువాత తీసుకోనివ్వండి.

ప్రశ్న: చేరిన నెలకే "అన్నమయ్య కీర్తన ఎప్పుడు నేర్పిస్తారు?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.
– భవానీ నగర్, తిరుపతి

జవాబు: మన ఊళ్లో అది న్యాయమైన కోరికే, కాదనకండి. తాళ్లపాక రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరం లేదు. ఇప్పుడు పాడుకునే బాణీలు చాలావరకు గత వందేళ్లలో కట్టినవి. కాబట్టి ఒకటిన్నర స్థాయి (స నుంచి పై స దాకా ఒక స్థాయి) తిరిగే కచేరీ బాణీ వద్దు, చిన్న పరిధిలో ఉన్నది ఎంచుకోండి. బౌళిలో పాడే "బ్రహ్మమొక్కటే" పల్లవి బాగా పనికొస్తుంది. బౌళి మాయామాళవగౌళకు జన్యం (దాన్నుంచి పుట్టిన రాగం), బిడ్డకు వచ్చిన రి, గ లే అందులోనూ ఉంటాయి. క్లాసు చివరి పది నిమిషాలు దానికివ్వండి. అలంకారాల (తాళాల్లో స్వర అభ్యాసాలు) తరువాత మలహరి రాగంలో పిళ్లారి గీతాలు, అంటే మొదట నేర్పే చిన్న పాటలు, ఎలాగూ వస్తాయి.

ప్రశ్న: 13 ఏళ్ల శిష్యుడికి గొంతు చీలుతోంది. పాట ఆపేయమనాలా?
– చిత్తూరు

జవాబు: ఆపనక్కరలేదు. శృతి దించండి, పై స్థాయి వద్దనండి, రోజుకు 15 నిమిషాలకు మించనివ్వకండి. గొంతు కిందికి జరుగుతూ ఉంటుంది గనుక నెలకోసారి శృతి మళ్లీ చూడాలి. చాలామంది చివరికి ఒకటి, రెండు శృతుల మధ్య కుదురుకుంటారు. ఈలోపు తాళాలు, విని స్వరం చెప్పడం గట్టిగా చేయించండి. జలుబు లేకుండానే బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించమని ఇంట్లో వాళ్లకు చెప్పండి.