కుక్కల్ని తెచ్చుకునే ముందు కుడితి లెక్క వేసుకోండి

మీరు దంపతులిద్దరూ ఆగస్టులో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో దిగారని రాశారు. ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం, ఆవిడకు పని చేసే అనుమతి ఇంకా లేదు. ఊరి బయట కుళాయి లేని కేబిన్ ఒకటి అద్దెకు తీసుకున్నారు. పక్కింటి పెద్దాయన కెనెల్ (బండి లాగే కుక్కల పెంపకం) తగ్గించుకుంటూ ఎనిమిది కుక్కల్ని, ఒక పాత స్లెడ్‌ని (మంచు మీద కుక్కలు లాగే బండి) ఊరికే ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా అని మీ ప్రశ్న.

ఎనిమిదీ తీసుకోవద్దు. చలికి అలవాటు పడతారు. చీకటికీ పడతారు. డిసెంబరు 21న సూర్యుడు మూడు గంటల నలభై నిమిషాలే కనిపిస్తాడు, అయినా ఇక్కడ జనం బతుకుతూనే ఉన్నారు. ఒంటరితనం గురించి మీరు పేజీన్నర రాశారు. ఎనిమిది కుక్కలకు రెండు పూటలా పెట్టేవాళ్ళకు దాని గురించి ఆలోచించే తీరిక ఉండదు. మిమ్మల్ని పడగొట్టేది ఖర్చే. మేమిద్దరం పద్నాలుగు చలికాలాలు ఇక్కడ కుక్కలతో గడిపాం, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. మొదటి రెండేళ్ళలో చేసిన ప్రతి తప్పూ చివరికి తిండి బస్తాల దగ్గరే తేలింది కాబట్టి ఆ తప్పుల వరసలోనే చెబుతాను.

ధరలు ఏటా మారతాయి, అందుకని రాయను. పరిమాణాలు రాస్తాను, కొట్లో ధర కనుక్కుని మీరే గుణించుకోండి. 22 కిలోల అలాస్కన్ హస్కీ వారానికి నాలుగైదు రోజులు పది పదిహేను మైళ్ళు లాగితే, మైనస్ 25 సెల్సియస్‌లో రోజుకు మూడు వేల కేలరీల దాకా కావాలి. ఇడిటరాడ్ లాంటి వెయ్యి మైళ్ళ పందెంలో పది వేలు దాకా పోతుంది, దాని జోలి మీకొద్దు. మూడు వేలంటే 30 శాతం ప్రొటీన్, 20 శాతం కొవ్వు ఉన్న కిబుల్ (బస్తాల్లో వచ్చే ఎండు కుక్క తిండి) అరకిలో, దాని మీద కొవ్వు మాంసం పావుకిలో. ఎనిమిదింటికి రోజుకు నాలుగు కిలోల కిబుల్, నెలకు 120 కిలోలు. 40 పౌండ్ల బస్తాలో 18 కిలోలు వస్తుంది, అంటే నెలకు దాదాపు ఏడు బస్తాలు. మాంసం నెలకు 60 కిలోలు. అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా 40 బస్తాలు, 360 కిలోల మాంసం. వేసవిలో పరుగు లేకపోయినా ఇందులో సగం పడుతుంది. గొడ్డు మాంసం ముట్టుకోని ఇళ్ళవాళ్ళు అడుగుతుంటారు: కోడి చర్మం, చేపతో నిక్షేపంగా గడుస్తుంది. కోడి చర్మం చవక, కొవ్వు బాగా ఉంటుంది. ఇక్కడి చమ్ సాల్మన్‌కి కుక్క సాల్మన్ అనే పేరు ఊరికే రాలేదు.

ఈ లెక్క చూడగానే మన బుర్రకు తట్టే మొదటి ఉపాయం అన్నం. మాకూ తట్టింది. సోనా మసూరి బస్తా కిబుల్ కన్నా చవక కదా, సగానికి సగం అన్నం కలుపుదామని. వండిన అన్నం వంద గ్రాముల్లో 130 కేలరీలే ఉంటాయి, కిబుల్‌లో 400 పైచిలుకు, కొవ్వులో 900. మూడు వేల కేలరీలు అన్నంతో నింపాలంటే రెండు కిలోలకు పైగా తినాలి. అంత బరువు పొట్టలో వేసుకుని కుక్క పరిగెత్తలేదు. పైగా ఈ కుక్కలు దూరాలు లాగేది కొవ్వు బలంతో. పిండి పదార్థం ఎక్కువైతే విరేచనం పలచబడుతుంది, దాంతో ఒంట్లో నీరు పోతుంది, బరువు తగ్గుతుంది. తగ్గిన బరువు మళ్ళీ రావాలంటే మిగిలిందనుకున్న దానికన్నా ఎక్కువే పెట్టాలి. మిగిలిన పప్పూ కూరా అసలే పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి.

రెండో తప్పు నీళ్ళది. కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే దెబ్బ తింటారు. చుట్టూ మంచే ఉంది, దాహమేస్తే అదే తింటాయిలే అనుకుంటారు. తింటాయి, నిజమే. కానీ మైనస్ 30లో ఉన్న కిలో మంచు కరిగి ఒంటి వేడికి రావాలంటే 130 కేలరీలకు పైగా ఖర్చవుతుంది. పని చేసే కుక్కకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలి. అదంతా మంచు రూపంలోనే లోపలికి పోతే 330 కేలరీలు, అంటే దాదాపు 80 గ్రాముల కిబుల్, మంచు కరగడానికే హారతి. ఎనిమిది కుక్కలకు నెల తిరిగేసరికి ఒక బస్తా పైనే. పైగా కావలసినంత మంచు తినవు కూడా, లోలోపల ఎండిపోతాయి.

చల్లని ఉత్త నీళ్ళు పెడితే మూతి తిప్పుకుంటాయి. కాబట్టి మన ఊళ్ళో గేదెకు పెట్టినట్టు కుడితి పెట్టాలి. ఎనిమిదింటికి ఒక పూటకు పది లీటర్ల గోరువెచ్చని నీళ్ళు. వేలు పెడితే వెచ్చగా తగలాలి, కాలకూడదు. అందులో అరకిలో చేప గానీ మాంసం గానీ చిన్న ముక్కలు చేసి వేయండి, వాసన నీళ్ళకు పట్టేదాకా ఐదు నిమిషాలు ఆగండి. కుక్కకు లీటరు పైచిలుకు వచ్చే గరిటెతో ఒక్కొక్కటి. ఉదయం కుడితి పరుగుకు కనీసం రెండు గంటల ముందు పెట్టాలి. పరుగు నుంచి వచ్చిన అరగంటలోపు మరి కాస్త. అసలు తిండి ఇంకో గంట ఆగి, కిబుల్‌ని వెచ్చటి నీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టి పెట్టాలి. తాగడం అవగానే గిన్నెలు ఏరెయ్యండి. లేకపోతే అడుగున మిగిలింది గడ్డకట్టి గిన్నె నేలకు అతుక్కుంటుంది, కుక్క దాన్ని నమిలేస్తుంది.

చాలినంత తాగిందో లేదో మంచే చెబుతుంది. మూత్రం పడ్డచోట లేత పసుపు ఉంటే సరే, ముదురు నారింజ రంగు ఉంటే ఆ రోజు ఆ కుక్కను కట్టకండి. భుజాల మీద చర్మం వేళ్ళతో పైకి లాగి వదలండి, వెంటనే కిందికి పడాలి. గుడారంలా నిలబడిపోయినా, చిగుళ్ళు వేలికి జిగటగా తగిలినా ఒంట్లో నీరు తగ్గినట్టే.

మూడోది పడక. పాత దుప్పట్లు పరిచాం మేము. కుక్క ఊపిరి, ఒంటికి అంటిన మంచు కలిసి దుప్పటి తడిసి, రెండో రోజుకల్లా రేకులా గడ్డకట్టింది. దాని మీద పడుకున్న కుక్క రాత్రంతా వణికి తిన్నదంతా కరిగించుకుంటుంది. గడ్డే వేయాలి. అదీ పశువులకు మేపే ఎండు మేత కాదు, గింజ దులిపిన తర్వాత మిగిలే బార్లీ గడ్డి. కాడ బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతుంది, తడి పీల్చదు. డెల్టా జంక్షన్ వైపు బార్లీ పండిస్తారు కాబట్టి దొరుకుతుంది. ఒక్కో కుక్క ఇంటికి పావు మోపు, రెండు మూడు వారాలకోసారి మార్పు. ఎనిమిదింటికి చలికాలం మొత్తానికి ఇరవై మోపుల దాకా పడుతుంది. సెప్టెంబరులోనే కొనిపెట్టుకోండి. కుక్క ఇల్లు కూడా పెద్దది కట్టకండి. కుక్క చుట్టచుట్టుకుని పడుకుంటే నిండిపోయేంత ఉంటేనే దాని ఒంటి వేడి లోపల నిలుస్తుంది.

బూటీలు, అంటే పాదాలకు తొడిగే గట్టి గుడ్డ సంచులు, మరో చిల్లు. మైనస్ 25 దాటాక మంచు పలుకులు ఇసుకలా కోస్తాయి, సున్నాకు దగ్గరైతే వేళ్ళ మధ్య ఉండలు కడతాయి. రెండు పరిస్థితుల్లోనూ అవి కావాలి. ఎనిమిది కుక్కలకు ఒకసారికి 32. వంద మైళ్ళు నడిచేసరికి అడుగు అరిగిపోతుంది. బిగించడంలోనే నేర్పంతా ఉంది. పట్టీ పాదం పైన సన్నగా ఉన్నచోట చుట్టాలి, కింద మీ చిటికెన వేలు కొస దూరాలి. వదులైతే మంచులో ఊడిపోయి డబ్బు పోతుంది. బిగుతైతే రక్తం ఆడక మణికట్టు వాస్తుంది, కుక్క రెండు వారాలు మూల కూర్చుంటుంది, తిండి మాత్రం మానదు. పరుగు అవగానే తీసెయ్యండి, తొడిగినవి తొడిగినట్టు పడుకోనివ్వకండి.

అక్టోబరులో తొలి మంచు పడగానే స్లెడ్ కట్టాలని చెయ్యి దురద పెడుతుంది. కట్టకండి. స్లెడ్‌ను ఆపే ఇనుప కొక్కెం, స్నో హుక్, గట్టిపడ్డ లోతు మంచులోనే దిగుతుంది. నాలుగంగుళాల మెత్తటి మంచులో అది గీత గీసుకుంటూ జారిపోతుంది. ఎనిమిది కుక్కలు వేసవి అంతా లాగని కసి మీద ఉంటాయి. ఆ నెలంతా ఇంజన్ గేరులో ఉంచిన నాలుగు చక్రాల ఏటీవీకి కట్టి నడిపించాలి. స్లెడ్ కట్టే రోజు ముందుగా స్లెడ్‌ను తాడుతో, ఒక్క గుంజుతో ఊడే కొక్కెం వేసి, లోతుగా పాతిన గుంజకు కట్టాలి. తర్వాత గ్యాంగ్‌లైన్ అనే నడిమి తాడు పరిచి, ముందు లీడర్లను, అంటే ముందుండి దారి పట్టే కుక్కలను, కట్టి తాడు బిగువుగా నిలిపాక మిగతావాటిని. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు. ఇద్దరూ ఒకే స్వరంతో చెప్పడం అలవాటు చేసుకోండి. స్లెడ్ బోర్లాపడినా చేతిపిడి వదలకూడదు. వదిలితే కుక్కలు వెళ్ళిపోతాయి, దారిలో మూస్ అనే భారీ దుప్పి ఎదురైతే తొక్కేస్తుంది, ఆ తర్వాత వచ్చే వెట్ బిల్లు నేను రాయనక్కరలేదు.

ఇంట్లో నీళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఎనిమిది కుక్కల కుడితికే రోజుకు ఐదు గ్యాలన్ల డబ్బా ఒకటి, 19 కిలోల బరువు. ఫాక్స్ అనే ఊరి దగ్గర రోడ్డు పక్క ఊటలో ఊరికే పట్టుకోవచ్చు, పెట్రోలు ఖర్చే. కారుకు ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ లేకపోతే అసలు ఊట దాకా వెళ్ళలేరు. కుడితి నీళ్ళు ప్రొపేన్ పొయ్యి మీద కాకుండా కట్టెల పొయ్యి మీద కాచండి, అది ఎలాగూ రాత్రింబవళ్ళు మండుతుంది. మైనస్ 42 దగ్గర ప్రొపేన్ బయట సిలిండర్లో ఆవిరి కావడమే మానేస్తుంది.

వీసా రూల్స్ ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, వకీలును కూడా అడగండి. రెండు సంగతులు మాత్రం డబ్బుతో ముడిపడ్డవి. పని అనుమతి లేని ఆవిడ ఏదైనా కెనెల్‌లో సాయం చేస్తే గది, భోజనం ఇస్తామంటారు. చేతికి డాలరు రాకపోయినా అది ఉద్యోగం కింద లెక్కకు రావచ్చు. హెచ్‌-1బి మీద ఉండి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఎనిమిది కుక్కలకు ఆ లోపల మంచి ఇళ్ళు దొరకవు. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది, లాగేది తొమ్మిదో పదో ఏడు దాకానే. సంక్రాంతికి ఇద్దరూ కలిసి ఇండియా వెళ్ళే ఆలోచన కూడా మానుకోండి, లేదా మేపే మనిషికి డబ్బు పక్కన పెట్టండి. రేబిస్ టీకా తప్పనిసరి, ఇంటి యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి.

మరి ఏం చేయాలంటే, పెద్దాయన దగ్గర ముసలి కుక్కలు రెండడగండి, అందులో ఒకటి లీడర్ అయి ఉండాలి. రెండింటికి నెలకు రెండు బస్తాల లోపే, చలికాలానికి ఐదు మోపుల గడ్డి. స్లెడ్ బదులు నడుముకు బెల్టు, కాళ్ళకు స్కీలు పెట్టుకుని ఒక్కొక్కరు ఒక్కో కుక్కతో వెళ్ళండి. దీన్ని స్కీజోరింగ్ అంటారు, పాత సామాన్ల అంగళ్ళలో స్కీలు దొరుకుతాయి. మిగతా ఆరింటినీ పెద్దాయన దగ్గరే ఉంచమని చెప్పి, శనివారాలు ఆయన తాళ్ళు కట్టేటప్పుడు ఇద్దరూ వెళ్ళి చూడండి. కుక్కల్ని తెచ్చుకునే రోజు పళ్ళు, పాదాల మెత్తలు, మణికట్లు ఆయన ముందే తడిమి చూడండి. ఏ కుక్క ఏ గిన్నెలో కుడితి తాగడానికి అలవాటు పడిందో అడిగి, ఆ గిన్నెలు కూడా తెచ్చుకోండి. కొత్త గిన్నె పెడితే మొదటి వారం సరిగ్గా తాగవు.