మన ఎంపీ పార్టీ చెప్పినట్టే ఓటేస్తాడా, సొంతంగా వేస్తాడా? రికార్డు దొరుకుతుందా?

మీరడిగిన లిస్టు కోసం, అంటే మన ఎంపీ ఎన్నిసార్లు పార్టీకి ఎదురు ఓటేశాడు అనేదాని కోసం నేను ఒకప్పుడు చాలా వెతికాను కాబట్టి చెప్తున్నా, ముప్పావు వంతు దొరకదు.

మాది కోస్తాలో ఓ పల్లెటూరు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో విభజన బిల్లు రోజు సెంటర్లో టీ కొట్టు దగ్గర టీవీ ముందు నిలబడ్డాం, ఉన్నట్టుండి లైవ్ ఆగిపోయింది, కొట్టాయన రిమోట్ పట్టుకుని ఛానల్ మీద ఛానల్ మారుస్తూనే ఉన్నాడు, ఎక్కడా సభ కనపడలా, కాసేపటికి కింద స్క్రోలింగులో పాసైందని వచ్చింది. తర్వాత మా ఎంపీ ఓటు ఎటు పడిందో చూద్దామని కూర్చుంటే తెలిసింది, బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది, అంటే అవునన్న వాళ్లు అరుస్తారు, కాదన్న వాళ్లు అరుస్తారు, స్పీకర్ తేలుస్తారు, పేర్లు ఉండవు. రాష్ట్రం రెండైన రోజు మా మనిషి ఓటు ఎటో రికార్డులో లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అమెరికాలో డాలస్‌లో ఉండే మా బావ అయితే వాళ్ల హౌస్ మెంబరు, అంటే మన ఎంపీ లాంటివాడు, ఏ బిల్లుకి ఎటు వేశాడో ఫోన్లో తీసి చూపిస్తాడు, అక్కడా కొన్ని మూజువాణివే గానీ పెద్దవి చాలావరకు పేర్లతో ఉంటాయి. మన దగ్గర పేర్లు రావాలంటే సభలో ఎవరో ఒకరు డివిజన్ అడగాలి, అప్పుడే బటన్లు నొక్కుతారు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులకి ప్రతిపక్షం అడిగినా డివిజన్ ఇవ్వలేదు, సభ అదుపులో లేదన్నారు. రాజ్యాంగ సవరణలకి మాత్రం లెక్క తప్పదు కాబట్టి అవి వెతకండి, 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో 454 అనుకూలం, 2 వ్యతిరేకం, ఆ రెండూ మజ్లిస్ వాళ్లవి, అందులో ఒకరు మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ.

ఇంకోటి, ఎదురు ఓటేస్తే స్వతంత్రుడు అనుకోవద్దు. 2011 డిసెంబర్‌లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాసానికి 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, కాదని ఓటేసి పదవులు పోగొట్టుకున్నారు, కానీ వాళ్లు అప్పటికే జగన్ వైపు ఉన్నవాళ్లు, 2012 ఉప ఎన్నికల్లో ఎక్కువమంది అటునుంచే గెలిచారు. అది ఒక విప్ వదిలి ఇంకో విప్ కిందకి పోవడమే. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం అలా ఉంది మరి, విప్ కాదంటే, చివరికి ఓటుకి రాకపోయినా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సీటు పోవచ్చు. విప్‌ని విశ్వాస తీర్మానాల లాంటి వాటికే పరిమితం చేయాలని 2010లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది, పెట్టారు, నా మట్టుకు అదే సరైన దారి, అది కదల్లేదు.

అందుకే నేనిప్పుడు ఓట్ల కంటే పార్లమెంటు పనుల లెక్కలు పెట్టే పీఆర్ఎస్ అనే సంస్థ సైట్లో ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లులు చూస్తా. ప్రసంగం మీద విప్ ఉండదు కదా, సొంత పార్టీ మంత్రిని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటి దొరికినా ఆ మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది. మొన్న ఎన్నికలప్పుడు మా వీధికి వచ్చిన ఒక అభ్యర్థిని ఆపి, మన ప్రాంతం బిల్లు వస్తే లేచి డివిజన్ అడుగుతారా అన్నాను, ఆయన కాసేపు ఆగి, అది అడగొచ్చా తమ్ముడూ అన్నాడు, అడగొచ్చండీ, ఒక్కరు చాలు అని చెప్పి పంపించా.